నేల కదలిక చెప్పిన లోతు: విశాఖ కొండపాదంలో ఒక కాలనీ పరిశీలన

2023 మే నెలలో ఆ కాలనీ సంక్షేమ సంఘం వారు నన్ను పిలిచి అడిగిన ప్రశ్న ఒక్కటే: మా ఇళ్ల కింద భూకంపం తెచ్చే పగులు ఉందా, లేదా?

సింహాచలం కొండల పాదాన, వాలు ముగిసి నేల చదునయ్యే చోట ఉన్న ఆ కాలనీలో వరసగా పదకొండు ఇళ్లకు గోడలు నెర్రెలిచ్చాయి. ప్రహరీ గోడల పగుళ్లు ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగి, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి దాదాపు ఒకే గీత మీద సాగుతున్నాయి. ఒక ఇంట్లో వంటింటి గట్టు కింది పగులుకు అడ్డంగా ఇంటివారు అంతకుముందే చిన్న గాజు పలక అతికించి పెట్టారు. అది రెండుగా విరిగింది. ముక్కల మధ్య ఎడం పెరగలేదు గానీ, కుడివైపు ముక్క ఎడమవైపు దానికంటే గాజు మందమంత కిందికి జారి ఉంది. గోడ పక్కకు విడిపోవడం లేదనీ, ఒకవైపు నేల కిందికి దిగుతోందనీ ఆ పలకను చూసినప్పుడే అర్థమైంది. ఎందుకు దిగుతోందన్నది మాత్రం పలక చెప్పలేదు.

భయానికి కారణం గోడలు మాత్రమే కాదు. ఉపగ్రహ చిత్రాల్లో నేల మీద పొడవుగా కనిపించే గీతలను, అంటే రేఖాకృతులను, గుర్తించిన పటం ఒకటి ఎవరో తెచ్చి చూపించారు. అందులో ఒక గీత సరిగ్గా ఈ కాలనీ మీదుగా పోతోంది. పటం మీది గీత, గోడల మీది గీత ఒకే దిక్కుగా ఉండేసరికి, కింద భ్రంశం, అంటే రెండు పక్కల రాయీ ఒకదాని మీద ఒకటి జారే లోతైన పగులు, కదులుతోందన్న మాట కాలనీ అంతా పాకి, ఇద్దరు ఇళ్లు అమ్మకానికి పెట్టేశారు.

ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు సరికాదనిపించింది. భూకంపాలకు తట్టుకునే కట్టడాల కోసం ఉన్న 1893వ నంబరు భారతీయ ప్రమాణం 2016 ప్రచురణ ప్రకారం విశాఖపట్నం రెండో జోన్‌లో, అంటే ఆ పటంలోని అతి తక్కువ ప్రమాద ప్రాంతంలో ఉన్నమాట నిజమే. కానీ 1993 సెప్టెంబరు 30న 6.2 తీవ్రతతో కంపించి వేల ప్రాణాలు తీసిన మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతం కూడా అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లోనే ఉండేది. మన కోస్తాలోనే 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. జోన్ నంబరు చూపించి ధైర్యం చెప్పడం సమాధానం కాదు. నేల కదలికను కొలిచి, ఆ కదలికకు మూలం ఎంత లోతులో ఉండగలదో లెక్క కట్టి చెప్పాలి.

పటం మీది గీతను నమ్మకపోవడానికీ కారణం ఉంది. 2003 డిసెంబరు 26న ఇరాన్‌లోని బమ్ నగరాన్ని కూల్చి 26 వేల మందికి పైగా ప్రాణాలు తీసిన భూకంపంలో, పటాల్లో అప్పటికే ఉన్న బమ్ భ్రంశమే కదిలిందని మొదట అందరూ అనుకున్నారు. ఉపగ్రహ రాడార్‌తో కొలిచిన నేల కదలికను లెక్కకట్టి చూస్తే, నేల మీద కనిపించే ఆ భ్రంశపు గట్టుకు కొన్ని కిలోమీటర్లు పడమరగా, అంతవరకు ఎవరూ గుర్తించని నగరం కింద నుంచి దక్షిణంగా సాగే మరో భ్రంశం జారిందని తేలింది. పటంలో గీత ఉన్నంత మాత్రాన కదిలేది అదే కానక్కరలేదు. గీత లేని చోట ఏమీ లేదనుకోవడానికీ వీల్లేదు.

కదలిక నుంచి లోతుకు

1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి ముందూ తర్వాతా జరిగిన సర్వే కొలతలను పోల్చి, భూమి ఏళ్ల తరబడి సాగి చివరికి భ్రంశం వెంట తెగి వెనక్కి తగ్గుతుందని హ్యారీ రీడ్ 1910లో వివరించాడు. 1958లో స్టెకెటీ ఆ ఆలోచనను సాగే గుణమున్న ఘనపదార్థాల గణితంలోకి తెచ్చాడు. భూమిని పైన చదునుగా, కింద అంతులేకుండా ఉన్న సాగే పదార్థంగా భావించి, లోపల ఒక పలక వెంట రెండు వైపులూ ఒకదాని మీద ఒకటి జారితే పైన నేల ఎంత కదులుతుందో ఆ గణితం చెబుతుంది. జపాన్‌కు చెందిన యోషిమిత్సు ఓకాడా 1985లో దీర్ఘచతురస్రపు భ్రంశానికి వీటన్నిటినీ ఒక్కచోట సంపూర్ణ సూత్రాలుగా ఇచ్చాడు. ఈ పని చేసేవారిలో చాలామంది నేటికీ వాటినే వాడుతున్నారు.

నా పనికి ఓకాడా సూత్రాల్లో అతి సరళమైన సందర్భం సరిపోయింది. భ్రంశం పొడవుగా, నిట్టనిలువుగా ఉండి, దాని పై అంచు నేలకు కొంత లోతున ఆగిపోయి, కింద ఒకవైపు దిగిందనుకుందాం. భ్రంశం గీత నుంచి మనం నిలబడ్డ దూరాన్ని పై అంచు లోతుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని ‘ని’ అందాం. అప్పుడు అక్కడ నేల నిలువు కదలిక:

(జారుడు ÷ 3.1416) × [ ఆర్క్‌టాన్ ని + ని ÷ (1 + ని²) ]

(ఆర్క్‌టాన్ ని అంటే టాన్ విలువ ‘ని’ అయ్యే కోణం, రేడియన్లలో.)

ఈ సూత్రంలో రాతి గట్టిదనం ఎక్కడా లేదు. అందువల్ల కింద ఉన్న రాయి ఖోండలైటా, చార్నొకైటా అన్నది తెలియకపోయినా లెక్క నడుస్తుంది. ‘ని’ విలువ 1 అయినచోట, అంటే లోతుకు సమానమైన దూరంలో, కదలిక జారుడులో 0.41 వంతు ఉంటుంది. గీతకు రెండు పక్కలా అంతంత దూరంలోనే మొత్తం తేడాలో నూటికి 82 వంతులు వచ్చేస్తాయన్నమాట. ఇంకా సులువైన సూచిక ఒకటుంది. కదలిక వక్రరేఖలో అతి నిటారుగా ఉన్నచోట స్పర్శరేఖ గీసి, ఆ వాలుతోనే మొత్తం తేడా పూర్తవడానికి ఎంత అడ్డదూరం పడుతుందో చూస్తే, ఆ దూరం లోతుకు 1.57 రెట్లు ఉంటుంది. నేల దిగిన చోట ఏర్పడే మెట్టు ఎంత వెడల్పుగా పరుచుకుంటే మూలం అంత లోతు; ఎంత ఇరుకుగా ఉంటే అంత పైన. కాలనీలో జరిగిన పనంతా ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడింది.

కొలతలు

2023 జూన్‌లో, వానలు పడకముందు, కొండవైపు బయటపడ్డ గట్టి ఖోండలైట్ బండలో స్టీల్ మేకు దించి దాన్ని ఆధారబిందువుగా తీసుకున్నాను. అక్కడ నుంచి పగుళ్ల గీతకు అడ్డంగా 276 మీటర్ల వరస గీసి, 12 మీటర్లకు ఒకటి చొప్పున 24 బిందువులు పెట్టాం. ఎత్తుల తేడా కొలిచే డిజిటల్ లెవెల్, బార్‌కోడ్ ఉన్న, వేడికి దాదాపు సాగని ఇన్వార్ లోహపు కొలబద్ద స్టాఫ్‌తో వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చదివాం. ఎండ ఎక్కాక తారు రోడ్డు మీద గాలి మరిగి స్టాఫ్ గీతలు వణుకుతాయి గనుక, ప్రతిసారీ ఉదయం ఎనిమిదిన్నరకల్లా పని ముగించేవాళ్లం. ఇంత కురచ వరసలో రెండు దఫాల చదువుల తేడా అర మిల్లీమీటరు దాటలేదు.

నవంబరులో రెండోసారి చదివినప్పుడు 9వ, 10వ బిందువుల మధ్య ఒక్కసారిగా 10 మి.మీ. తేడా కనిపించింది. మొదట నేను వేసుకున్న 12 మీటర్ల ఎడం ఈ పనికి పనికిరాదని అప్పుడు తెలిసింది. ఆ ఎడంతో తేడా ఎంతో తెలుస్తుంది గానీ, అది ఎంత వెడల్పులో పరుచుకుందో తెలియదు. వెడల్పు తెలియకపోతే లోతు తెలియదు. అందుకని 86వ మీటరు నుంచి 120వ మీటరు వరకు రెండేసి మీటర్లకు ఒక బిందువు చొప్పున మళ్లీ పాతాం. లోతు లెక్కకు నేను వాడినది 2023 నవంబరు నుంచి 2024 నవంబరు వరకు ఈ దగ్గరి బిందువులు చూపిన కదలికే.

ఆ ఏడాదిలో కొండవైపు బిందువులు కదలలేదు. అటువైపువి 14 మి.మీ. దిగాయి. మెట్టు నడిమధ్య వరసలో 103వ మీటరు దగ్గర ఉంది. అక్కడ నుంచి 2 మీటర్ల దూరంలో నడిమి ఎత్తుతో తేడా 2.4 మి.మీ., 4 మీటర్ల దగ్గర 4.2, 6 మీటర్ల దగ్గర 5.4, 14 మీటర్లకు చేరేసరికి 6.7. స్పర్శరేఖ పద్ధతిలో మెట్టు పరుచుకున్న అడ్డదూరం 11 మీటర్లు. దాన్ని 1.57తో భాగిస్తే 7 మీటర్లు వస్తుంది.

స్పర్శరేఖను చేత్తో గీసి ఊరుకోకుండా కంప్యూటర్‌లో సరిచూశాను. మెట్టు స్థానాన్ని, లోతును అర మీటరు చొప్పున మారుస్తూ, ప్రతి జతకు కొలతలతో అతి దగ్గరగా కుదిరే జారుడును కనిష్ఠ వర్గాల పద్ధతిలో తీశాను. స్థానం, లోతు మారితే కదలిక సూటి నిష్పత్తిలో మారదు గనుక వాటిని వెతకాలి. జారుడు మాత్రం సూత్రానికి బయట గుణకంగా ఉంటుంది గనుక వెతుకులాట లేకుండా నేరుగా వచ్చేస్తుంది. లోతు 7 మీటర్లుగా తీసుకున్నప్పుడు లెక్కకూ కొలతకూ తేడా ఎక్కడా 0.4 మి.మీ. దాటలేదు, ఒక్క బిందువు దగ్గర తప్ప. అది ఒక ఇంటి గేటు మెట్టు మీద వేసినది. ఆ గేటు మెట్టే ఊగుతోందని తర్వాత చూశాను గనుక దాన్ని తీసేశాను. లోతును 6 గానీ 8 గానీ చేసినా తేడా కొలతల దోషంలో ఇమిడిపోతుంది. 5కి తగ్గించినా, 10కి పెంచినా తేడా మిల్లీమీటరు దాకా పెరిగి ఇమడదు. కాబట్టి సమాధానం 6 నుంచి 8 మీటర్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మెట్టుకు అటూ ఇటూ నాలుగేసి మీటర్లలోపు బిందువులే ఉండి ఉంటే, నాకు జారుడును లోతుతో భాగించిన విలువ ఒక్కటే దొరికేది. చిన్న జారుడు పైన ఉన్నా, పెద్ద జారుడు లోతున ఉన్నా ఆ నాలుగు మీటర్లలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కదలిక పూర్తిగా ఆగిపోయే దాకా వరసను రెండు వైపులా సాగదీస్తేనే ఆ రెంటినీ విడదీయగలం. పగుళ్లున్న ఇళ్లను మాత్రమే కొలిచి నివేదికలు రాసేవారు సాధారణంగా తప్పేది ఇక్కడే.

భ్రంశమైతే ఎలా ఉండేది

కాలనీవారికి నేను చూపిన లెక్క ఇది. భూకంపాలు పుట్టించగల భ్రంశం పై అంచు 5 కిలోమీటర్ల లోతున ఉండి, అది ఏడాదిలో 14 మి.మీ. జారిందనుకోండి. అప్పుడు మన 276 మీటర్ల వరస ఈ చివర నుంచి ఆ చివరకు ఒరిగేది అర మిల్లీమీటరు మాత్రమే. ఏ గోడా పగలదు. నా లెవెల్‌కు కూడా అది దాదాపు అందదు. పోనీ, 11 మీటర్లలో 14 మి.మీ. ఉన్న ఈ నిటారు వాలు అంత లోతు నుంచే రావాలంటే కింద ఏడాదిలో దాదాపు 10 మీటర్లు జారి ఉండాలి. కిలోమీటరు లోతున అనుకున్నా 2 మీటర్లు జారాలి. అదే జరిగి ఉంటే మనం ఇంటి గోడల గురించి మాట్లాడుకుంటూ ఉండం. నగరమంతా ఎరిగిన విపత్తు అయ్యేది. కాగితం మీద ఈ రెండు వక్రరేఖలనూ ఒకదాని పక్కన ఒకటి గీసి చూపించినప్పుడు, సూత్రం తెలియనివారికి కూడా విషయం బోధపడింది.

ఇదే పరిశీలనలో నగరం మీద రాడార్ చూపునూ చేర్చాను. యూరప్ వారి సెంటినెల్-1 ఉపగ్రహం పంపే తరంగం పొడవు 5.6 సెం.మీ.; రెండు చిత్రాలను కలిపినప్పుడు వచ్చే ఒక్కో రంగు వలయం ఉపగ్రహం చూసే దిక్కులో 2.8 సెం.మీ. కదలికకు గుర్తు. కొండ మీద పచ్చదనం వానల్లో మారిపోతూ ఉంటుంది గనుక అక్కడ సంకేతం చెదిరిపోతుంది. సముద్రం పక్కన గాలిలోని తేమ కూడా కదలికలాగే కనిపించి మోసం చేస్తుంది. కానీ కాంక్రీటు డాబాలు ఏళ్ల తరబడి ఒకేలా తిరిగి పలుకుతాయి. ఆ డాబాల బిందువులను వరస చిత్రాల్లో వెంబడిస్తే, కాలనీ చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర కొండవైపూ సముద్రంవైపూ ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు కదలిక లేదు. ఇరుకైన ఒక్క పట్టీలోని డాబాలు మాత్రమే దిగుతున్నాయి. లోతైన మూలం ఉంటే కదలిక కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉండాలి.

అవతలి గట్టు

వరస పొడవుగా ఉండడం వల్ల దక్కిన అసలు ఫలితం వేరే ఉంది. 103వ మీటరు దగ్గర 14 మి.మీ. దిగిన నేల, 165వ మీటరు దగ్గర మళ్లీ పైకి లేచి అవతల స్థిరంగా ఉంది. అంటే ఇది ఒక మెట్టు కాదు, 62 మీటర్ల వెడల్పున్న తొట్టి. రెండో మెట్టు మాత్రం మొదటిదానంత నిటారుగా లేదు. 30 మీటర్ల మేర పరుచుకుంది. అదే సూత్రంలో పెడితే అక్కడ లోతు 19 మీటర్లని వచ్చింది.

ఒకే తొట్టికి ఒక అంచున 7 మీటర్లు, మరో అంచున 19 మీటర్లు ఎందుకు రావాలి? ఈ చిక్కుతో రెండు వారాలు గడిచాక, కాలనీ కట్టకముందు అక్కడే పశువులు కాసిన ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఈ పని నేను మొదటి రోజే చేయవలసింది.

“మా చిన్నప్పుడు ఇటేపు గెడ్డ పారీది బాబూ. వానలొస్తే పశువుల్ని అటు తోలలేకపోయీవాళ్లం. ఇదిగో, ఈ వేపచెట్టు కాడ గట్టు నిట్టనిలువుగా ఉండీది,” అన్నారాయన.

“మరి అవతలి గట్టు ఎలా ఉండేది తాతగారూ?”

“అటేపు గట్టు ఏటుంది బాబూ, అంతా వాలు. పశువులు దిగి నీళ్లు తాగీవి.”

ఆ వేపచెట్టు నా వరసలో 101వ మీటరు దగ్గర ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్‌లో అక్కడ సన్నటి నీలి గీత ఉంది. రెవెన్యూ రికార్డులో ఆ పట్టీ గెడ్డ పోరంబోకు, అంటే వాగు పారే ప్రభుత్వ భూమి. మేహాద్రి గెడ్డ, నరవ గెడ్డ, గంభీరం గెడ్డ అంటూ పెద్ద గెడ్డల పేర్లు నగరానికి ఇంకా గుర్తున్నాయి గానీ, కొండల మీద నుంచి దిగే ఇలాంటి చిన్నవాటిని పూడ్చి ప్లాట్లు వేశాక వాటి పేర్లు కూడా మిగలలేదు.

తర్వాత మూడు బోర్లు వేయించాం. కొండవైపు మీటరున్నరకే వాతావరణానికి మెత్తబడిన ఖోండలైట్ తగిలింది. తొట్టి మధ్యలో 5.8 మీటర్ల వరకు గ్రావెల్, కూల్చిన ఇళ్ల చెత్త. దాని కింద 8.1 మీటర్ల వరకు వేళ్లతో నొక్కితే నలిగిపోయే నల్లటి బంకమట్టి, కుళ్లిన ఆకుల వాసనతో. ఆ కింద రాయి. గెడ్డ అడుగున పేరుకున్న ఆ మట్టి పైన పోసిన నింపుడు బరువుకు నలుగుతోంది. నిట్టనిలువు గట్టు దగ్గర అది హఠాత్తుగా ముగుస్తుంది. దాని నడిమి లోతు సుమారు 7 మీటర్లు, లెక్క చెప్పినంతే. అవతలి గట్టు దగ్గర మాత్రం బంకమట్టి వాలు వెంట పలచబడుతూ 4 మీటర్ల లోతులోనే ముగిసిపోయింది. లెక్క చెప్పిన 19 మీటర్ల దగ్గర ఏమీ లేదు.

సూత్రం తప్పలేదు, నేను దాన్ని అడిగిన ప్రశ్నే అక్కడ సరికాదు. నిలువు అంచు ఉందనుకుని లెక్క వేస్తే, వాలు అంచు ఇచ్చే నిదానమైన మెట్టును అది లోతుగా అర్థం చేసుకుంటుంది. లోతున జరిగిన కదలిక పైకి వచ్చేసరికి నునుపెక్కి పరుచుకుంటుంది గనుక, లోతైన మూలం ఇరుకైన మెట్టును ఇవ్వలేదు. పైన ఉన్న మూలం మాత్రం వెడల్పాటి మెట్టును ఇవ్వగలదు. కాబట్టి ఈ పద్ధతి ఇచ్చే సంఖ్య లోతుకు గరిష్ఠ హద్దు. భ్రంశం లేదని చెప్పడానికి ఆ హద్దే చాలు; పునాది ఎంత లోతుకు దించాలో చెప్పడానికి చాలదు, దానికి బోరు వేయాల్సిందే. నేల మీద ఒక ముక్కలో కదలిక ఏ దోషమూ లేకుండా తెలిస్తే కింది భ్రంశం స్థానమూ దాని జారుడూ ఒకే ఒక్క విధంగా నిర్ణయమవుతాయని డార్కో వోల్కోవ్, ఆయన సహచరులు 2017లో సమతల భ్రంశాలకు నిరూపించారు. ఆ సిద్ధాంతం ఈ పనికి పునాది. కానీ నా కొలతలో అర మిల్లీమీటరు దోషం ఉంది, కింద ఉన్నది భ్రంశమే అన్న హామీ లేదు. సిద్ధాంతానికీ వేపచెట్టుకూ మధ్య ఉన్న దూరం అదే.

పటంలోని గీత సంగతి కూడా తేల్చాలి. 40 మీటర్ల ఉత్తరాన రెండో వరస కొలిచి రెండు మెట్ల స్థానాలనూ కలిపితే, తొట్టి దిక్కు పటంలోని రేఖాకృతితో సరిగ్గా కలిసింది. అది కాకతాళీయం కాదు. వంద కోట్ల ఏళ్ల నాడు కాగి గట్టిపడిన తూర్పు కనుమల రాతిలో పాత పగుళ్లు చాలా ఉన్నాయి. నీరు మెత్తటి దారినే వెతుక్కుంటుంది గనుక గెడ్డలు వాటి వెంటే పారతాయి. పటం గీసినవారు నిజమైన గీతనే గీశారు. రాతిలో పాత పగులు ఉండటం, ఆ పగులు ఇప్పుడు కదులుతుండటం వేర్వేరు సంగతులు. తొట్టికి రెండు పక్కలా ఉన్న రాయి, నేను కొలిచినంత కాలంలో, నా లెవెల్‌కు అందేంత కదలలేదు. నివేదికలో ఈ వాక్యాన్ని ఇలాగే రాశాను. “ఇక్కడ ఎప్పటికీ భూకంపం రాదు” అని రాయమని అడిగినా రాయలేదు.

తర్వాత

వానాకాలంలో మెట్టు వేగంగా దిగుతోందని మధ్య మధ్య తీసిన చదువుల్లో కనిపించింది. పై వీధి వరద కాలువకు అడుగు పగిలి, నీరంతా పాత గెడ్డ దారినే నింపుడులోకి ఇంకుతోంది. 2025 వానలకు ముందు ఆ కాలువకు కాంక్రీటు లైనింగ్ వేశారు. గట్టు గీత మీద సగం రాయి, సగం నింపుడు మీద నిలిచిన మూడు ఇళ్లకు పునాది కింద రాతి దాకా మైక్రోపైల్స్, అంటే సన్నటి పునాది స్తంభాలు, దించమని సూచించాను. మిగతా ఎనిమిది ఇళ్లు పూర్తిగా నింపుడు మీద ఉండి సమంగా దిగుతున్నాయి గనుక వాటికి పగుళ్లు పూడ్చుకుని, కొలతలు కొనసాగిస్తే సరిపోతుంది. అమ్మకానికి పెట్టిన రెండు ఇళ్లలో ఒకరు ఆ ఆలోచన మానుకున్నారు.

2025 నవంబరులో చదివినప్పుడు ఏడాది మెట్టు 14 నుంచి 5 మి.మీ.కు తగ్గింది. మూడింటిలో రెండు ఇళ్లకు పైల్స్ పూర్తయ్యాయి. వాటిలో ఒకటి మొదట గాజు పలక విరిగిన ఇల్లు. వంటింటి గట్టు కింద కొత్త పలక అతికించి దాని మీద తేదీ రాసి వచ్చాం, అది విరగలేదు. మూడో ఇంటివారు ఇంకా నిర్ణయించుకోలేదు. వారి గడప పక్కనున్న బిందువు ఆ ఏడాదిలో 4 మి.మీ. దిగింది గనుక, ఆ ఒక్కదాన్ని నెలకోసారి చదువుతున్నాం.